దోటికి కట్టిన మంగలికత్తి

రెండు వేల ఇరవై, నడి ఎండాకాలం. నందిగామలో సెలూన్లన్నీ షట్టర్లు దించుకుని కూర్చున్న రోజులు. ఆ ఎండాకాలం నా గడ్డం నేనే గీసుకున్నా, అదీ మంగలికత్తితో.

ఈ మాట నేను అన్నది మొన్న శనివారం సాయంత్రం, పాత హైవే పక్కన రజియాబీ టీకొట్టు బల్ల మీద కూర్చుని. ఊరికే అనలా, అడిగితే అన్నా. అడిగినవాడు కిషోర్‌బాబు, మా వీధి కుర్రాడు, ట్రాక్టర్ల షోరూములో పని చేస్తాడు. మొహమంతా కాగితం ముక్కలు అంటించుకుని వచ్చాడు, ఒక్కో ముక్క మధ్యలో ఒక్కో ఎర్రచుక్క. వాణ్ణి చూసి ఆటో ఇశ్రాయేలు టీ గ్లాసు పక్కన పెట్టి, పిల్లితో కుస్తీ పట్టావా అబ్బాయ్ అని అడిగాడు.

కుస్తీ పిల్లితో కాదు, జగ్గయ్యపేటతో. అక్కడి అక్షయ అనే అమ్మాయితో వీడికి సంబంధం చూశారు. ఇద్దరికీ నచ్చింది, ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకుంటే ఊరుకోవచ్చుగా, అందరిలా నేను ప్లాస్టిక్ రేజరు వాడను, పాతకాలం మంగలికత్తితో గీసుకుంటానని ఆ పిల్ల దగ్గర చెప్పుకున్నాడు. అప్పటికి వీడు ఆ కత్తిని ఫోన్లో వీడియోలో చూడటం తప్ప చేత్తో పట్టుకున్న పాపాన పోలా. ఆ పిల్ల వెళ్లి వాళ్ల తాత రత్తయ్యగారికి చెప్పింది. ఆయనకి చేతులు వణుకుతయ్, సెలూనుదాకా నడవలేడు, ఇంట్లో వాళ్లు గీసే రేజరు ఆయనకి పడదు. అందుకని ఆయన సంబరపడి, ఆదివారం మాటలు ఖాయం చేసుకోడానికి వస్తున్నారుగా, ఆ అబ్బాయిని కత్తి తెచ్చుకోమనండి, నాకో గడ్డం గీసి కూర్చుంటాడు అన్నాడు. ఇంటిల్లిపాదీ సరేనన్నారు. అక్షయ ఫోన్ చేసి, జాగ్రత్త, నువ్వు చెప్పిన ఈ ఒక్కటి తేలిపోతే మిగతావన్నీ కూడా ఇంతేనేమో అనుకుంటారు మా వాళ్లు అని చెప్పింది.

వీడు కత్తి తెప్పించి వారం కూడా కాలా. రేపే ఆదివారం.

ఆ కత్తి చెంప మీద పెడితే వెంట్రుక తెగట్లేదు తాతా, పీకుతోంది, కాస్త గట్టిగా నొక్కితే తోలు తెగుతోంది, ఎందుకంటారు అని అడిగాడు. టీకొట్టు పక్కనే షాకీర్ సెలూను ఉంది. తలుపు తీసే ఉంది. షాకీర్ లోపల ఎవరికో జుట్టు కత్తిరిస్తున్నాడు. అయినా వాడు అడిగింది నన్ను. అడిగిన మనిషికి చెప్పకపోతే ఎట్లా. అందుకని చెప్పా. చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నా.

విను కిషోరూ. లాక్‌డౌన్లో షాకీర్ ఇంట్లో కూర్చున్నాడు గానీ నా గడ్డం కూర్చోలా. అది పెరుగుతానే ఉంది. మా ఆవిడ రాఘవమ్మ చూసి చూసి అటక ఎక్కించి మా తాత పెట్టె దింపించింది. అందులో ఉంది కత్తి, దంతం పిడిది. చెంప మీద పెట్టా. నీకైనట్టే అయింది, పీకింది. నువ్వు చేసిన పనే నేనూ చేశా, నొక్కా. అదే మొదటి తప్పు. పదునున్న కత్తిని నొక్కే పని లేదు, దాని బరువు అది మోసుకుంటుంది. నొక్కాల్సి వచ్చిందంటే పదును లేదని అర్థం. కొత్తది గదా అనుకోబోకు, డబ్బాలోంచి తీసిన కొత్త కత్తి కూరగాయలకి పనికొస్తుంది గానీ గడ్డానికి రాదు, ముందు సానరాయి ఎక్కాల్సిందే.

నేను ఎక్కించా. రాయి మీద నీళ్లు చల్లుకుంటూ, వీపూ అంచూ రెండూ రాయికి ఆనేలా పడుకోబెట్టి నూరా. పొద్దున కూర్చుంటే మళ్లీ రాఘవమ్మ అన్నానికి లేపేదాకా నూరా. ఎంత పదునొచ్చిందంటే, దాని మీద ఒక దోమ వాలింది, వాలి ఎగిరిపోయింది, గోడ దగ్గరికి పోయాక గానీ దానికి తెలియలా తను ఇద్దరైందని. ఇంకా నూరా. అంచు కనపడటం మానేసింది. వీపు కనపడుతుంది, పిడి కనపడుతుంది, అంచు మాత్రం ఎక్కడ అయిపోయిందో చూడ్డానికి లేదు, అంత సన్నం. ఇంట్లో కత్తి ఎక్కడ పెట్టానో తెలియాలంటే ఏ దండెం తాడో తెగి కిందపడాలి, ఓహో అక్కడుందా అనుకోవాలి.

ఇశ్రాయేలు ఆ దోమ ఆడదా మగదా అని అడిగాడు. నేను కిషోర్ వైపు తిరిగా.

ఇంత నూరినా గడ్డం దగ్గరికొచ్చేసరికి గరగరమంటోంది. ఇహ లాభం లేదని షాకీర్‌కి ఫోన్ చేశా. వాడు ఒకటే మాట అన్నాడు. నూరితే చాలదు మామా, పట్టా మీద వెయ్యాలి అన్నాడు, పెట్టేశాడు.

సెలూన్లోంచి షాకీర్ తల బయటపెట్టి, నేనా ఎండాకాలమంతా మా అత్తగారి ఊళ్లో ఉన్నా, అక్కడ సిగ్నలే ఉండదు మామా అన్నాడు. నీ పని నువ్వు చూసుకోరా, లోపల ఆయన చెవి జాగ్రత్త అన్నా. తల లోపలికి పోయింది.

ఇప్పుడు నువ్వు చెప్పు కిషోరూ. సెలూను వాళ్ల మాటల్లో పట్టా అంటే గోడకి వేలాడే తోలుపట్టీ. నూరిన కత్తిని దాని మీద అటూ ఇటూ తిప్పితే వంకరపోయిన అంచు తిన్నగా నిలబడుతుంది, కత్తి మెత్తగా నడుస్తుంది. అది నాకెవడు చెప్పాడు? రైతువారీ మనిషికి పట్టా అంటే ఏంటి? పొలం పట్టా. అంతకంటే ఇంకో పట్టా మా వంశంలో ఎవరూ ఎరగరు. సరే, పని తెలిసినవాడు చెబుతున్నాడు గదా అని బీరువా తీసి పట్టాదారు పాసుపుస్తకం బయటికి తీశా.

"పాసుపుస్తకం మీద నూరావా బాబాయ్" అంది రజియాబీ, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

నూరలేదమ్మా, తిప్పా. తిప్పడంలోనే ఉంది కిటుకంతా. కత్తి వీపు ముందు పోవాలి, అంచు వెనకాల రావాలి. చివరికొచ్చాక వీపు మీదుగా పొర్లించి వెనక్కి తేవాలి. అంచు మీదుగా పొర్లిస్తే పట్టా తెగుతుంది, అంచూ చెడుతుంది. నేను మొదటిసారి గదా, అంచు మీదుగా పొర్లించా. తెగింది. ఏం తెగింది? కీసర దగ్గర మా పొలం రాసి ఉన్న పేజీ. ఈ చివర నుంచి ఆ చివరికి, అడ్డంగా, దారం పెట్టి గీసినట్టు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా?

తెల్లారి పొలం పోతే, పొలం మధ్యన కాలవ ఉంది. ముందు రోజు లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, పేజీ ఎక్కడ తెగిందో సరిగ్గా అక్కడ. సాగర్ కాలవ చివర ఉన్న పొలాలు మావి, మాకు నీళ్లొచ్చేసరికి పైరు ఎండి పశువులు మేసేసి ఉంటయ్. ఆ ఏడు చివర ఉన్న మాకు ముందు వచ్చినయ్ నీళ్లు, మా తర్వాత ఎగువవాళ్లకి ఎక్కినయ్. ఇంజనీరు ఒకాయన టేపు పట్టుకొచ్చి కొలిచి, గట్టు మీద కూర్చుని తల పట్టుకుని, ఇంత తిన్నగా తవ్వే మిషను మా దగ్గర లేదండి, ఎక్కడ అద్దెకి తెచ్చారు అని అడిగాడు. మిషను జేబులో ఉంది, చూపించలా.

"మునేట్లో ఇసక తప్ప చుక్క లేని రోజుల్లో కాలవ పారిందా చంద్రమౌళిగారూ" అన్నాడు ఇశ్రాయేలు.

అదే గదా విచిత్రం అన్నా.

కిషోర్ మాత్రం ఫోను బయటికి తీసి, వీపు ముందు, అంచు వెనక అని రాసుకుంటున్నాడు. వాడికి కాలవ అక్కర్లా. నాకు నురగ సగంలోనే ఎండిపోతోంది తాతా అన్నాడు.

ఎండదా మరి. మన నందిగామ ఎండకి కుండలో నీళ్లే నిలవవు. ముందు వేణ్ణీళ్లలో తువ్వాలు ముంచి పిండి మొహాన కప్పుకో, వెంట్రుక నానాలి. ఆ తడి ఆరకముందే సబ్బు. బ్రష్షుతో తిప్పు, చుక్క చుక్క నీళ్లు కలుపుతూ తిప్పు. పెద్ద పెద్ద బుడగలున్నాయంటే అది నురగ కాదు, ఉత్త గాలి. మీగడలాగా మెరవాలి. గీస్తా గీస్తా ఆరిపోయిందా, మొహమాటపడకుండా మళ్లీ తడి బ్రష్షు పెట్టు. పొడి చెంప మీద కత్తి పెట్టినవాడు ఎవడూ బాగుపడలా.

నేను గిన్నెలో తిప్పడం మొదలుపెట్టా. చెయ్యి తిరిగిన మనిషిని, ఆపడం తెలియలా. గిన్నె నిండింది, గంగాళంలోకి మార్చా, గంగాళం నిండింది. రాఘవమ్మ వసారాలో చీపురుతో ఆపబోయింది గానీ ఆగితేనా. నురగ గడప దాటి, వీధి దాటి, హైవే ఎక్కింది. కీసర టోల్‌గేటు దగ్గర కాశ్మీరు నుంచి ఆపిల్ లోడుతో వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు కిందికి దిగాడు, రోడ్డంతా తెల్లగా చూశాడు, లారీలోకెక్కి స్వెట్టరు తొడుక్కుని దిగి, ఇల్లు వదిలి వారమైంది, మళ్లీ ఇంటికే ఎట్లా వచ్చానా అని అడిగాడట.

రజియాబీ నవ్వి, బిస్కెట్టు డబ్బా మూత పెట్టబోయింది. ఆగమ్మా, పని ఉంది అని ఒక బిస్కెట్టు తీసుకున్నా. తింటావా, పాఠం చెబుతావా అంది. రెండూ చేస్తా అన్నా.

ఇటు చూడు కిషోరూ. కత్తిని చెంపకి పూర్తిగా పడుకోబెడితే వెంట్రుకని పట్టి పీకుతుంది. నిక్కబొడిచి నిలబెడితే తోలు కోస్తుంది. చెంపకీ కత్తి వీపుకీ మధ్యన ఈ బిస్కెట్టు మందం దూరాలి. ఇంకా ఎక్కువ లేపావా, మళ్లీ కాగితం ముక్కలు వెతుక్కోవాల్సిందే. వాడు బిస్కెట్టుని చెంపకి ఆనించి చూసుకున్నాడు. తర్వాత దాన్ని నేను తినేశా.

ఇంకో సంగతి. రేపు నీకు దొరికేది ముసలి చెంప. ముడత దగ్గర కత్తి ఆగుతుంది, ఆగితే తెగుతుంది. రెండో చేత్తో తోలు బిగలాగి పట్టాలి. పైకి గీస్తే కిందికి లాగు, కిందికి గీస్తే పైకి లాగు. నేనైతే చెవి దగ్గర పట్టి లాగా. నాకు బలం ఎక్కువ, లాగితే లాగినట్టే వచ్చింది. మొహం మీది ముడతలన్నీ పోయి మెడ వెనక మడతపడ్డయ్, చొక్కా కాలరు పెట్టి కప్పా. అద్దంలో చూస్తే పాతికేళ్ల కుర్రాడు. నేనే ఆయనకి నమస్కారం పెట్టా.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? బయటికి పోయొచ్చి తలుపు కొడితే, రాఘవమ్మ తలుపు ఓరగా తీసి, మావారు ఇంట్లో లేరు బాబూ, సాయంత్రం రండి అంది. ఒకటో తారీఖు వచ్చింది. పింఛను ఇవ్వడానికి వాలంటీరు పిల్ల లహరి వచ్చింది. చంద్రమౌళిగారు లేరా అన్నయ్యా అంది. అన్నయ్యా అంది. నేనేనమ్మా అంటే వేలిముద్ర పెట్టించుకుంది, పడింది. మొహం చూసింది, నమ్మలా. మీ నాన్నగారి వేలు మీకెట్లా వచ్చిందని అడిగి, ఆ నెల పింఛను పట్టుకుపోయింది. ఆ ముడతల్ని మళ్లీ ముందుకి తెచ్చుకోవడానికి రోజూ పొద్దున ఎండలో కూర్చోవాల్సొచ్చింది.

"ఇప్పుడు మొత్తం ముందుకొచ్చేసినయ్" అన్నాడు ఇశ్రాయేలు.

ఇంతలో కబురు ఊరంతా పాకింది. సెలూన్లు లేవు, గడ్డాలు చూస్తే ఊళ్లో అందరూ దీక్షలో ఉన్నట్టున్నారు. మా ఇంటిముందు జనం. మనిషికి మనిషికి ఆరడుగులు దూరం ఉండాలని అప్పటి రూలు. పోలీసులు వచ్చి సున్నంతో గుండ్రాలు గీశారు, గుండ్రానికొకడు నిలబడ్డాడు. మరి ఆరడుగుల దూరం నుంచి గడ్డం ఎట్లా గీస్తావు? ఎవడికీ తోచలా. నాకు తోచింది. పెరట్లో మామిడికాయలు దింపే దోటి ఉంది. కొసన ఉన్న కొక్కెం ఊడదీసి, మంగలికత్తి కట్టా. వాళ్లు ప్రహరీ అవతల, నేను ఇవతల అరుగు మీద.

మొదటి గీత ఎప్పుడూ వెంట్రుక ఎటు పడుకుందో అటే గీయాలి, రాసుకో. చేత్తో తడిమితే తెలుస్తుంది, గరుగ్గా తగిలితే ఎదురు, నున్నగా పోతే వాలు. కొత్తవాడు ఎదురు గీత జోలికే పోకూడదు. దోటితో తడమడం కుదరదు గదా, అందుకని నేను గాలి ఎటు వీస్తే అటు గీశా. ఎస్సైగారు మోటారు సైకిలు మీద గస్తీ తిరుగుతున్నాడు, ఆగే తీరిక లేదు. పోయేటప్పుడు ఈ చెంప గీశా, వచ్చేటప్పుడు ఆ చెంప గీశా. బండి స్పీడు కూడా తగ్గించలా ఆయన.

అక్కడితో ఆగిందా? పరిటాల నుంచి ఫోన్లు, జగ్గయ్యపేట నుంచి ఫోన్లు. పోదామంటే చెక్‌పోస్టులో పోనివ్వరు. తోటల వాళ్లందరి దగ్గరా దోట్లు పోగు చేసి, దోటికి దోటి కట్టా. కట్టుకుంటా పోయా. పెనుగంచిప్రోలు అడ్డరోడ్డు దాటింది, చిల్లకల్లు దాటింది. మధ్యలో వంగిపోకుండా ఊరికొక మనిషి భుజం ఆనించి నిలబడ్డాడు. నేను నందిగామలో మా డాబా మీద కూర్చుని, కాఫీ తాగుతూ, జగ్గయ్యపేటలో పడక్కుర్చీలో పడుకున్న పెద్దాయన గడ్డం గీశా. గొంతు దగ్గర గుటక పడే బుడిపె ఉంటుందే, అక్కడ కొత్తవాళ్లు తడబడతారు. తల పైకెత్తించి, గుటక వేసి బిగబట్టమనాలి, పొట్టి పొట్టి గీతలు గీయాలి. నేను ఫోన్లో చెప్పా, ఇప్పుడు గుటక వెయ్యండి, ఇహ కదలకండి అని. ఒక్క గాటు లేదు. ఆయన ఎవరనుకున్నావు కిషోరూ? మీ రత్తయ్యగారే.

ఈ మాట నేను ఎందుకన్నానో నాకే తెలియదు. అప్పటిదాకా కథ బాగానే నడుస్తోంది.

కిషోర్ బల్ల మీంచి లేచి నిలబడ్డాడు. వాడి మొహంలో కాగితం ముక్కలన్నీ ఒక్కసారి కదిలినయ్. రత్తయ్యగారు మీకు తెలుసా, మరి ఇంతసేపూ చెప్పరేం, రేపు మీరూ మాతో కార్లో రండి తాతా, మీరే గీయండి, నేను పక్కన తువ్వాలు పట్టుకుంటా, నేర్చుకుంటున్నానని చెబుతా అన్నాడు. వాడు మాటవరసకి అనలా, నిజంగా అన్నాడు. వాళ్లమ్మకి ఫోన్ చేసి, కార్లో ఇంకొకరికి చోటుందా అని కూడా అడగబోయాడు.

నేను టీ గ్లాసులోకి చూశా. టీ అయిపోయింది.

అప్పుడు రజియాబీ పాలగిన్నె దించి పక్కన పెట్టింది. ఆమె గొంతు పెంచలా.

"బాబాయ్, ఆ ఎండాకాలం నీకు మాస్కు కుట్టింది నేనేగా. మామూలు మాస్కు ఆగక, గడ్డం దూరడానికి కింద సంచి వేసి కుట్టా. దిండు గలేబంత గుడ్డ పట్టింది."

ఇశ్రాయేలు తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. సెలూన్లో కత్తెర ఆగింది. షాకీర్ గుమ్మంలోకి వచ్చి, నేను షాపు తెరిచిన రోజు మొదటి బేరం మామేగా, ఆ గడ్డానికి రెండు దువ్వెనలు విరిగినయ్ అన్నాడు. లోపల జుట్టు కత్తిరించుకుంటున్న ఆయన కూడా మెడకి గుడ్డతోనే గుమ్మందాకా వచ్చి చూశాడు.

అది రెండోసారి పెరిగిన గడ్డం అందామనుకున్నా. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కిషోర్ ఫోను మూసి జేబులో పెట్టుకుంటున్నాడు.

"అయితే ఇదంతా ఉత్తదేనా తాతా? పొద్దున తొమ్మిదింటికి కారు వస్తది. రత్తయ్యగారు ఇవాళ గడ్డం గీయించుకోకుండా ఉంచారంట, నాకోసం."

వాడు ఏడవలా గానీ, ఏడిస్తే బాగుండేది.

నేను మొండివాణ్ణి. నా మాట పోయిందంటే నాకు అన్నం దిగదు. కాలవ పోతే పోయింది, దోటి పోతే పోయింది. కానీ బిస్కెట్టు సందు అబద్ధం కాదు, నొక్కొద్దన్నది అబద్ధం కాదు, వీపు ముందు అంచు వెనక అన్నది అబద్ధం కాదు. ఇన్నేళ్లు షాకీర్ కుర్చీలో వాళ్ల నాన్న చేతి కిందా, వాడి చేతి కిందా పడుకుని చూసినవే గదా అవి. ఆ మాటే అన్నా వాడితో. వాడు తల అడ్డంగా ఊపాడు.

"నా మాట నమ్మకపోతే నా మొహం మీద చూసుకో" అన్నా, లేచి పోయి షాకీర్ కుర్చీలో కూర్చున్నా.

నాకు వారం గడ్డం ఉంది. ఆదివారం ఆదివారం గీయించుకోవడం అలవాటు. షాకీర్, మామా నీకేమన్నా అయితే అత్త నన్ను ఊళ్లో ఉండనివ్వదు అన్నాడు. నువ్వు కత్తి నూరు అన్నా. వాడు కిషోర్ జేబులోంచి తీసిచ్చిన కత్తి విప్పి, బొటనవేలి గోరు మీద ఆనించి చూసి, దీనితో ఆమ్లెట్టు కోసుకోవచ్చు అన్నాడు. అట్టపెట్టెలోంచి సానరాయి తీశాడు. తీస్తా తీస్తా, నందిగామలో ఇప్పుడు నిజం రాయి ఉన్న సెలూను నాదొక్కటే, మిగతావాళ్లంతా సగం బ్లేడు విరిచి పెట్టుకునేవాళ్లే అని చెప్పుకున్నాడు. వాడిదీ చిన్న నోరేం కాదు. రాయి మీద నూరి, గోడకి వేలాడే పట్టా మీద ఎట్లా పొర్లించాలో చూపించి, కిషోర్ చేత పొర్లించాడు. చేతి మీద వెంట్రుకకి ఆనిస్తే చప్పుడు లేకుండా తెగింది.

వేడి తువ్వాలు కప్పారు. కిషోర్ నురగ తిప్పాడు, మొదట బుడగలొచ్చినయ్, నీళ్లు కలిపి మళ్లీ తిప్పాడు, మెరిసింది. వాడి చెయ్యి నా చెంప మీద ఆనింది. నేను నోరు తెరవలా. కళ్లు మూసుకుని, బిస్కెట్టు అని ఒక్క మాట అనుకున్నా మనసులో.

మొదటి గీత చెవి దగ్గర మొదలై దవడ దాకా వచ్చింది. పీకలా. రెండోది వచ్చింది. కుడిచెంప అయిపోయింది, షాకీర్ చేత్తో తడిమి తల ఊపాడు. ఎడమచెంపకి వాడి చెయ్యి అడ్డంగా రావాల్సొచ్చి, దవడ మూల దగ్గర చిన్న గాటు పడింది. షాకీర్ పటికముక్క తడిపి రుద్దాడు, ఆగిపోయింది. చెయ్యి మార్చబోకు, నువ్వే అటు పక్కకి నడువు అని చెప్పాడు కిషోర్‌కి. వాడు కుర్చీ చుట్టూ తిరిగి నిలబడ్డాడు. ఈసారి గీత తిన్నగా వచ్చింది. గడ్డం గుంట దగ్గర పొట్టి గీతలు గీశాడు, గొంతుకి నేను చెప్పినట్టే. రజియాబీ గుమ్మంలో నిలబడి, వచ్చిన బేరాలకి టీ లేదని చెబుతోంది.

పై పెదవి దగ్గరికొచ్చాడు. ఎడమ పక్కన, మీసం కింద అంచు తీరుస్తున్నాడు. అప్పుడు ఇశ్రాయేలు తలుపుకి ఆనుకుని, పదేళ్లుగా చూస్తున్నా, ఈయన ఇంతసేపు నోరు మూసుకోవడం ఇదే మొదలు అన్నాడు.

వాడికి జవాబు చెబుదామని నోరు తెరిచా.

ఎక్కడా నొప్పి లేదు. చల్లగా అనిపించింది, అంతే. కిషోర్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. షాకీర్ నా మెడ మీది గుడ్డ వైపు చూశాడు. నేనూ చూశా. తెల్లటి నురగలో నల్లగా ఉంది. రంగు వేస్తానులే దానికి, అందుకని నల్లగా ఉంది.

"తాతా" అన్నాడు కిషోర్.

"ఆపబోకు. మెడ మిగిలి ఉంది" అన్నా.

మెడ గీశాడు. గుటక దగ్గర బిగబట్టమన్నాడు, బిగబట్టా. ఒక్క గాటు పడలా.

ఆదివారం మధ్యాహ్నం జగ్గయ్యపేట నుంచి ఫోన్ చేశాడు. మీసం దగ్గరికి వచ్చినప్పుడు ఏం జరిగినా మాట్లాడకండి అని రత్తయ్యగారికి ముందే చెప్పి మొదలుపెట్టాడట. ఆయన మాట్లాడకపోవడమే కాదు, సగంలో నిద్రపోయాడట కుర్చీలోనే. లేచి చెంప తడుముకుని, నాకు మొన్నటిదాకా ఈ ఇంట్లో గడ్డం గీసినవాళ్లంతా నా చెంపల మీద వ్యవసాయం చేశారు అన్నాడట. మాటలు ఖాయమైనయ్, శ్రావణంలో ముహూర్తం. అక్షయ పక్కనే ఉంది, మీకు థాంక్స్ చెప్పమంటోంది తాతా అన్నాడు.

నాకు మీసం ఎడమ సగం ఆ శనివారం పోయింది. కుడి సగం షాకీర్ తీసేశాడు.